బిళ్ళగన్నేరు మందు, మూడు జబ్బులు: కుక్కల క్యాన్సర్ వైద్యం వెనక రుజువు ఎంత?

క్లుప్తంగా: కుక్కకు క్యాన్సర్ అని తేలగానే ఇంట్లో అందరూ అడిగే మాట ‘నయమవుతుందా’ అని. జబ్బు రకాన్ని బట్టి జవాబు మారిపోతుంది. వీధికుక్కల్లో కనిపించే అంటు కణితి కొన్ని ఇంజెక్షన్లతో మాయమవుతుంది. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అయిన లింఫోమాకు ఏడాది అటూఇటూ గడువు దొరుకుతుంది. ప్లీహంలో పుట్టే రక్తనాళాల క్యాన్సర్‌కు ఎంత మంచి వైద్యం చేసినా నెలల లెక్కే. ఈ అంకెల్లో కొన్ని గట్టి పరీక్షలకు నిలిచినవి, కొన్ని పోల్చి చూడకుండా పుట్టినవి. ఆ తేడా ఎక్కడుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఎవరూ నీళ్లు పోయకపోయినా గేటు పక్కన, గోడ పగుళ్లలో పూసే మొక్క బిళ్ళగన్నేరు. దాని ఆకు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ అనే మందు 1960ల నుంచి మనుషుల రక్త క్యాన్సర్‌కు వాడుకలో ఉంది. మందుల దుకాణంలో దొరికే ఆ సీసాయే పశువైద్యశాలలో కుక్కకూ ఎక్కుతుంది. కుక్క మర్మాంగం మీద కాలీఫ్లవర్ ముక్కలా పెరిగి నెత్తురోడే ఒక రకం కణితికి వారానికొక మోతాదు చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు ఇస్తే, చాలా కుక్కల్లో జబ్బు ఆనవాలు లేకుండా పోతుంది. లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కు దాన్ని మరో మూడు మందులతో కలిపి నెలల తరబడి ఇస్తే జబ్బు అణుగుతుంది, కానీ ఎక్కువ కుక్కల్లో తిరగబెడుతుంది. ఎముకలో పుట్టే క్యాన్సర్‌కు సాధారణంగా చేసే చికిత్సలో దానికి చోటే లేదు.

కాబట్టి ‘కుక్క క్యాన్సర్‌కు మందుందా’ అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పేవారిని కాస్త అనుమానించడమే మేలు. ఏ కణితి, ఎంత పాకింది, ఏమీ చేయకపోతే ఎన్నాళ్లు, చేస్తే ఎన్నాళ్లు, ఆ అంకె ఎన్ని కుక్కలను ఎవరితో పోల్చితే వచ్చింది అన్నవి తెలిస్తేనే రుజువు బరువు తెలుస్తుంది.

కుక్క నుంచి కుక్కకు పాకే కణితి

మన వీధుల్లో కనిపించే ఆ కణితిని పశువైద్యులు టీవీటీ (ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్) అంటారు. క్యాన్సర్లలో ఇది వింత రకం. మామూలుగా క్యాన్సర్ పుట్టిన శరీరంతోనే అంతమవుతుంది. ఇది మాత్రం జత కట్టేటప్పుడు, నాకేటప్పుడు, వాసన చూసేటప్పుడు బతికున్న క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకుని పెరుగుతాయి. 1876లో రష్యాకు చెందిన నోవిన్‌స్కీ అనే పశువైద్యుడు ఈ కణితి ముక్కను ఒక కుక్క నుంచి మరో కుక్కకు నాటి పెంచి చూపాడు. కుక్క కణంలో ఉండాల్సిన క్రోమోజోములు 78 కాగా ఈ కణితి కణంలో సుమారు 60 మాత్రమే ఉంటాయి. అంటే అది పెరుగుతున్న కుక్కకూ దానికీ రక్తసంబంధం లేదు. 43 దేశాల నుంచి సేకరించిన 546 కణితుల జన్యువులను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఇవన్నీ 4,000 నుంచి 8,500 ఏళ్ల కిందట బహుశా ఆసియాలో బతికిన ఒకే ఒక్క కుక్క కణాల వారసత్వం. ఆ కుక్క ఎప్పుడో చచ్చిపోయింది, దాని క్యాన్సర్ ఇంకా ఊళ్లు తిరుగుతోంది.

విన్‌క్రిస్టిన్ పని చేసే తీరు సూటిగా ఉంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను అటూఇటూ లాగే సన్నని గొట్టాలు కొన్ని ఏర్పడతాయి. ఆ గొట్టాలు కట్టుకోకుండా ఈ మందు అడ్డుపడుతుంది. చీలిక మధ్యలో చిక్కుకున్న కణం చచ్చిపోతుంది. టీవీటీలో దీనికి ఇంకో బలం తోడవుతుంది. కణాలు కొన్ని చచ్చాక, అంతవరకు మోసపోయిన కుక్క రోగనిరోధక వ్యవస్థ ‘ఇవి పరాయి కణాలు’ అని గుర్తుపట్టి మిగతా పని పూర్తి చేస్తుంది. మందు ఆపాక కూడా కణితి కరుగుతూ పోవడం, మళ్లీ రావడం అరుదు కావడం అందుకే. వేర్వేరు దేశాల నివేదికల్లో 90 శాతానికి పైగా కుక్కలు కోలుకున్నట్టు కనిపిస్తుంది. కత్తితో కోసి తీసేస్తే మాత్రం తిరిగి పెరిగే సందర్భాలు తక్కువేమీ కావు.

ఈ చికిత్సకు లాటరీ పద్ధతిలో కుక్కలను రెండుగా విడదీసి చేసిన పెద్ద పరీక్షలు లేవు. అయినా ఎవరూ శంకించరు. ఇళ్లలో, వీధుల్లో ఈ కణితి దానంతట అది తగ్గిపోవడం అరుదు, మందిస్తే దాదాపు అన్నిటికీ తగ్గుతుంది. తేడా ఇంత పెద్దదైనప్పుడు దాన్ని చూడటానికి గణాంకాల భూతద్దం అక్కర్లేదు. తేడా పదిహేను ఇరవై శాతమో, రెండు మూడు నెలలో అయినప్పుడే పరీక్ష ఎలా చేశారన్నది ప్రాణం లాంటి ప్రశ్న అవుతుంది.

ఆచరణలో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఆడకుక్కకు రక్తపు చుక్కలు పడుతుంటే ఎదకు వచ్చిందనుకుని వారాలు గడిపేయడం ఒకటి. ఎద రక్తం మూడు వారాల్లోపు ఆగుతుంది, కణితి రక్తం ఆగదు. రెండోది, బిళ్ళగన్నేరు ఆకు నూరి పెట్టడం. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్ తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. గుప్పెడు ఆకులో మందు లేనట్టే, విషం మాత్రం ఉంటుంది. శుద్ధిచేసిన మందు కూడా రక్తనాళంలోకే వెళ్లాలి. సూది జారి చర్మం కిందికి ఒలికితే అక్కడి కండ కుళ్లిపోతుంది. ఒక్కో మోతాదుకు ముందు తెల్ల రక్తకణాల లెక్క చూడమనడమూ లాంఛనం కాదు.

లింఫోమా: అణగడం వేరు, నయం కావడం వేరు

దవడ కింద రెండు వైపులా, భుజాల ముందు, వెనక మోకాళ్ల వెనక చేత్తో తడిమితే నిమ్మకాయల్లా గట్టిగా తగిలే ఉబ్బులు లింఫోమాకు మామూలు ఆనవాళ్లు. నొప్పి ఉండదు, కుక్క తింటుంది, ఆడుతుంది. అందుకే ఆలస్యం జరుగుతుంది. మన ప్రాంతంలో మరో చిక్కుంది. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరంలోనూ గ్రంథులు ఉబ్బుతాయి. రెంటినీ విడదీసేది సన్నని సూదితో కణాలు తీసి గాజు పలక మీద చూసే పరీక్ష. చవకైనది, కొద్ది నిమిషాల పని. అది చేయకుండా ‘వాపుకు’ అని స్టెరాయిడ్ మొదలుపెడితే గ్రంథులు రెండు మూడు రోజుల్లో మెత్తబడతాయి, ఇంట్లో అందరూ ఊరట చెందుతారు. తర్వాత కీమో మొదలుపెడితే జబ్బు లొంగే అవకాశం అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. మందులను బయటికి నెట్టేసే పంపులను స్టెరాయిడ్ ఆ కణాల్లో మేల్కొల్పుతుందని ఒక వివరణ. ముందుగా స్టెరాయిడ్ పడిన కుక్కల్లో ఫలితం తక్కువన్నది మాత్రం పదేపదే నమోదైన విషయం.

ప్రామాణిక చికిత్స సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసొలోన్ (ఇది స్టెరాయిడే) అనే నాలుగు మందుల కలయిక. మనుషుల వైద్యం నుంచి వచ్చిన ఈ పద్ధతి నాలుగు నుంచి ఆరు నెలలు సాగుతుంది. ఏ రకం తెల్ల రక్తకణాల్లో పుట్టిందన్నదాన్ని బట్టి లింఫోమా బి-కణాలదీ టి-కణాలదీ అని రెండు రకాలు. బి-కణాల లింఫోమా ఉన్న కుక్కల్లో 80 నుంచి 90 శాతానికి జబ్బు కంటికి కనిపించనంతగా అణుగుతుంది. మధ్యస్థ ఆయుర్దాయం సుమారు ఏడాది. టి-కణాల రకంలో అంతకంటే తక్కువ, ఆరు నుంచి తొమ్మిది నెలలు. ఏ వైద్యమూ లేకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు. ప్రెడ్నిసొలోన్ ఒక్కటే ఇచ్చి చూసిన అధ్యయనంలో తేలిన అంకె 50 రోజులు.

‘మధ్యస్థం’ అన్న మాట దగ్గర చాలామంది తడబడతారు. వంద కుక్కలను బతికిన రోజుల వరుసలో నిలబెడితే మధ్యలో నిలిచే కుక్క బతికిన కాలం అది. సగం అంతకంటే ముందే పోయాయి, సగం అంతకు మించి బతికాయి. మన కుక్క ఏ సగంలో ఉంటుందో ఆ అంకె చెప్పదు.

కుక్కల లెక్కల్లో మనుషుల లెక్కల్లో లేని ఇంకో మెలిక ఉంది. చాలా కుక్కలు జబ్బుతో వాటంతట అవి చనిపోవు, యజమాని నిర్ణయంతో కారుణ్య మరణం పొందుతాయి. డబ్బయిపోయిందనో, బాధ చూడలేకో, ఊరు మారాల్సి వచ్చిందనో ఆ నిర్ణయం ఒకరింట ముందు, మరొకరింట వెనక జరుగుతుంది. ఖరీదైన కొత్త మందుకు ఒప్పుకున్న కుటుంబం సాధారణంగా చివరిదాకా పట్టు వదలదు. వైద్యం వద్దన్న కుటుంబం తొందరగా వదులుకుంటుంది. ఈ రెండు ఇళ్ల కుక్కలను పక్కపక్కన పెట్టి ‘మందు వల్ల ఇన్ని నెలలు’ అంటే అందులో ఎన్ని నెలలు మందువో, ఎన్ని నెలలు యజమాని ఓపికవో విడదీయలేం. లాటరీ వేసి పంచిన పరీక్షల విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఉత్తుత్తి మాత్రకూ తగ్గిన గడ్డలు

2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ టొసెరానిబ్ అనే మాత్రను ఆమోదించింది. కుక్కల క్యాన్సర్ కోసమే ప్రత్యేకంగా తయారై అక్కడ ఆమోదం పొందిన తొలి మందు అది. చర్మం మీద వచ్చే మాస్ట్ సెల్ కణితి శస్త్రచికిత్స తర్వాత తిరగబెట్టిన కుక్కలకు దాన్ని వాడి చూశారు. ఏ కుక్కకు అసలు మందు, ఏ కుక్కకు ఉత్తుత్తి మాత్ర ఇస్తున్నారో ఇంటివాళ్లకూ వైద్యులకూ తెలియనివ్వలేదు. ఆరు వారాలకు అసలు మందు అందుకున్న కుక్కల్లో 37.2 శాతానికి కణితి చెప్పుకోదగ్గంతగా తగ్గింది. ఉత్తుత్తి మాత్ర అందుకున్నవాటిలో 7.9 శాతానికి తగ్గింది.

ఆ రెండో అంకె మీద ఒక్క క్షణం ఆగాలి. పిండి మాత్రకు క్యాన్సర్ ఎందుకు తగ్గాలి? మాస్ట్ కణాల్లో వాపు తెప్పించే హిస్టమిన్ అనే రసాయనం నిండి ఉంటుంది. కుక్క ఆ చోట గీరినా, ఒత్తిడి పడినా హిస్టమిన్ వెలువడి గడ్డ చుట్టూ వాపు వస్తుంది. రెండు రోజులకు వాపు దిగుతుంది. ఈ కణితికి పెరిగినట్టూ తరిగినట్టూ కనిపించే స్వభావం పుట్టుకతోనే ఉంది. వాపు దిగే రోజుల్లో ఏ కషాయం పోసినా ఘనత కషాయానికే దక్కుతుంది. ఉత్తుత్తి మాత్ర బృందం లేకపోతే ఆ 7.9 శాతాన్నీ మందు ఖాతాలోనే రాసుకునేవారు.

చూసే కన్నూ మోసపోతుంది. కీళ్ల నొప్పి ఉన్న కుక్కల మీద చేసిన అధ్యయనాల్లో, కాలు నేల మీద మోపే బరువును కొలిచే యంత్రం ఏ మార్పూ లేదని చెబుతున్నా యజమానులు, పశువైద్యులు కూడా ‘కుంటడం తగ్గింది’ అని రాశారు. ఉత్తుత్తి మందు ఇక్కడ కుక్క మీద కాదు, కుక్కను ప్రేమించే మనిషి మీద పనిచేసింది.

మాస్ట్ కణితికే 2020లో మరో మందు వచ్చింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వర్షారణ్యంలో పెరిగే బ్లష్‌వుడ్ చెట్టు గింజల నుంచి తీసిన టిగిలనాల్ టిగ్లేట్ అది. నేరుగా గడ్డలోకి ఎక్కిస్తే అక్కడి రక్తనాళాలు దెబ్బతిని, గడ్డ నల్లబడి కొద్ది రోజుల్లో ఊడిపోతుంది. ఆ చోట మిగిలే పుండు చూసేవారికి భయం కలిగిస్తుంది గానీ మెల్లగా మానుతుంది. పోలిక బృందంతో చేసిన పరీక్షలో ఒక్క ఇంజెక్షన్‌తో 28 రోజులకు 75 శాతం కుక్కల్లో గడ్డ పూర్తిగా పోయింది. మందు పడనివాటిలో పోయింది 5 శాతానికే. కుక్కల క్యాన్సర్ వైద్యంలో ఇంత స్పష్టమైన తేడా తరచుగా కనిపించదు. మొక్క నుంచి వచ్చిన మందు పరీక్షకు నిలవదన్న వాదనకు ఇదీ విన్‌క్రిస్టినూ చాలినంత జవాబు.

పదిహేను కుక్కలు, నూట ఒక్క కుక్క

ప్లీహంలో వచ్చే రక్తనాళాల క్యాన్సర్ హిమాంజియోసార్కోమా లోపల చడీచప్పుడు లేకుండా పెరిగి ఒకరోజు పగులుతుంది. పొద్దున షికారుకు వెళ్లిన కుక్క సాయంత్రానికి చిగుళ్లు పాలిపోయి కూలబడుతుంది. ప్లీహాన్ని తీసేస్తే ఒకటి నుంచి మూడు నెలలు, తర్వాత డాక్సోరూబిసిన్ ఇస్తే నాలుగు నుంచి ఆరు నెలలు. దశాబ్దాలుగా ఈ అంకెలు పెద్దగా కదలలేదు. ఇంత నిరాశ ఉన్న చోట ఆశకు గిరాకీ ఎక్కువ.

2012లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. ‘టర్కీ టెయిల్’ అనే పుట్టగొడుగు నుంచి తీసిన పదార్థాన్ని 15 కుక్కలకు మూడు వేర్వేరు మోతాదుల్లో ఇచ్చారు. ఎక్కువ మోతాదు అందిన కుక్కల మధ్యస్థ ఆయుర్దాయం 199 రోజులుగా తేలింది. కీమో లేకుండానే కీమోతో సమానమైన ఫలితమన్న వార్త ప్రపంచమంతా పాకింది, పుట్టగొడుగు గుళికల వ్యాపారం ఊపందుకుంది. పదిహేను కుక్కలను మూడుగా విడగొడితే ఒక్కో గుంపులో అయిదే. ఏ మందూ అందని పోలిక బృందం లేదు. అయిదింటిలో ఒకటి రెండు గట్టి పిండాలు పడితే అంకె ఎటైనా తిరుగుతుంది.

అదే విశ్వవిద్యాలయం తర్వాత 101 కుక్కలతో పెద్ద పరీక్ష నిర్వహించి 2022లో ఫలితాలు వెలువరించింది. డాక్సోరూబిసిన్‌కు పుట్టగొడుగు మందును చేర్చినందువల్ల ఆయుర్దాయం స్పష్టంగా పెరిగినట్టు తేలలేదు. తమ సొంత ఆశాజనక ఫలితాన్ని తామే మళ్లీ పరీక్షకు పెట్టడం మెచ్చుకోదగ్గ పని. మొదటి వార్త ఇప్పటికీ పంచుకుంటూనే ఉన్నారు, రెండోది చదివినవారు తక్కువ.

నోటిలో రంగు కణాల నుంచి పుట్టే క్యాన్సర్ మెలనోమా. దాని టీకా కథ ఇంత సూటిగా లేదు. రంగు తయారీకి తోడ్పడే టైరోసినేజ్ అనే ఎంజైమ్ తాలూకు మనిషి జన్యువును కుక్కకు ఎక్కించి, మెలనోమా కణాల మీదికి రోగనిరోధక వ్యవస్థను ఉసిగొల్పాలన్నది ఆలోచన. 2007లో అమెరికాలో షరతులతో, ఆ తర్వాత పూర్తిస్థాయిలో దానికి అనుమతి దొరికింది. ఆ అనుమతికి ఊతమైన అధ్యయనంలో టీకా పొందిన 58 కుక్కలను పోల్చింది అంతకుముందు ఎప్పుడో వేరేచోట చికిత్స పొందిన కుక్కల రికార్డులతో. శస్త్రచికిత్స మెరుగైనా, స్కానింగ్ మెరుగైనా కొత్త గుంపే ముందుంటుంది. 2013లో 45 కుక్కల రికార్డులు తిరగేసిన మరో బృందానికి టీకా వేసినవాటికీ వేయనివాటికీ తేడా కనిపించలేదు. ఆ సంఖ్య కూడా చిన్నదే. కాబట్టి టీకా పనిచేయదని కొట్టిపారేయడం తొందరపాటు, పనిచేస్తుందని హామీ ఇవ్వడమూ తొందరపాటే. హాని తక్కువ, ఖర్చు ఎక్కువ, లాభం తేలని వైద్యం అది.

కాలు తీసేసినా ఆగని జబ్బు

పెద్ద జాతుల కుక్కల్లో ముంజేతి ఎముక కింది భాగంలోనో, భుజం దగ్గరో వచ్చే ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ మొదట మామూలు కుంటులా కనిపిస్తుంది. ఎక్స్‌రేలో గుర్తించే నాటికి ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించేది 10 శాతం లోపు కుక్కల్లోనే. కంటికి కనపడని కణాలు మాత్రం దాదాపు 90 శాతం కుక్కల్లో అప్పటికే పాకి ఉంటాయి. కాలు తీసేస్తే నొప్పి పోతుంది, మూడు కాళ్లతో పరుగెత్తడం కుక్క కొద్ది వారాల్లో నేర్చుకుంటుంది. అయినా మధ్యస్థ ఆయుర్దాయం నాలుగైదు నెలలే. కార్బోప్లాటిన్ వంటి కీమో చేరిస్తే అది రెట్టింపు దాకా వెళ్తుంది.

ఆ పైన ఇంకొన్ని నెలలు చేర్చగలమా అని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఆధ్వర్యంలో 324 కుక్కలతో పరీక్ష జరిగింది. ప్రయోగశాలలో మంచి ఆశలు రేపిన సిరోలిమస్ అనే మందును కీమో తర్వాత సగం కుక్కలకు ఇచ్చారు. 2021లో వచ్చిన ఫలితం: మందు లేని బృందం మధ్యస్థ ఆయుర్దాయం 282 రోజులు, మందు ఉన్న బృందానిది 280 రోజులు. పశువైద్యంలో ఇంత పెద్ద క్యాన్సర్ పరీక్షలు అరుదు. అది ‘లాభం లేదు’ అని తేల్చడం వల్ల ఎన్నో కుటుంబాలకు అనవసరపు ఖర్చు తప్పింది. ఇదే పరీక్షను పదిహేను కుక్కలతో, పోల్చేందుకు రెండో గుంపు లేకుండా చేసి ఉంటే ఏ అంకె వచ్చేదో, దాని మీద ఎన్ని గుళికలు అమ్ముడుపోయేవో ఊహించుకోవచ్చు.

ఈ రంగంలో కుక్కకు చేసిన వైద్యం మనిషికి మేలు చేసిన సందర్భమూ ఉంది. కాలు తీసేసిన కుక్కలకు మిఫామర్టైడ్ అనే రోగనిరోధక ప్రేరకం ఇస్తే మధ్యస్థ ఆయుర్దాయం 77 రోజుల నుంచి 222 రోజులకు పెరిగిందని 1980ల చివర్లో తేలింది. పిల్లల్లో వచ్చే ఇదే ఎముక క్యాన్సర్‌కు 2009లో ఐరోపాలో ఆ మందుకు అనుమతి రావడానికి దారి పడింది అక్కడే.

చన్ను గడ్డలు: 0.5 శాతం మీద అపార్థం

పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించని ఆడకుక్కలు ఎక్కువగా ఉండే మన దేశంలో చన్ను కణితులు చాలా తరచుగా కనిపిస్తాయి. తీసి పరీక్షించిన గడ్డల్లో సుమారు సగం ప్రమాదకరమైనవిగా తేలతాయి. పరిమాణం మూడు సెంటీమీటర్ల లోపు ఉండగానే తీసేస్తే ఫలితం మెరుగు. ‘చిన్నదే కదా, పెరిగితే చూద్దాం’ అన్న సలహా ఇక్కడ చెల్లదు.

మొదటి ఎదకు ముందే శస్త్రచికిత్స చేయిస్తే ముప్పు 0.5 శాతం, ఒక ఎద తర్వాత 8 శాతం, రెండు ఎదల తర్వాత 26 శాతం అన్న అంకెలు ప్రతి ఆసుపత్రిలో వినిపిస్తాయి. అవి 1969 నాటి అమెరికా అధ్యయనంలోవి. వాటిని చాలామంది చదివే తీరు తప్పు. రెండు ఎదలు దాటిన ప్రతి వంద కుక్కల్లో 26 కుక్కలకు క్యాన్సర్ వస్తుందని దాని అర్థం కాదు. శస్త్రచికిత్స చేయని కుక్కకు ఉండే ముప్పును వంద పాళ్లు అనుకుంటే, అందులో 26 పాళ్ల ముప్పు మిగులుతుందని అర్థం. పైగా ఆ అధ్యయనంలోని క్యాన్సర్ కుక్కలు 87 మాత్రమే. ఈ విషయంపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టిన 2012 నాటి సమీక్ష, రుజువు బలహీనంగా ఉందనీ గట్టి సిఫార్సుకు చాలదనీ తేల్చింది.

గోల్డెన్ రిట్రీవర్ లాంటి కొన్ని జాతుల్లో ఈ శస్త్రచికిత్సకూ మరికొన్ని క్యాన్సర్లు, కీళ్ల జబ్బులు పెరగడానికీ సంబంధం ఉండవచ్చని 2013 నుంచి వస్తున్న అధ్యయనాలు సూచిస్తున్నాయి. ఇంకోవైపు, వయసు మళ్లిన ఆడకుక్కల్లో గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదికి వచ్చే జబ్బును ఈ శస్త్రచికిత్స తప్పిస్తుంది. వీధికుక్కల్లో టీవీటీ వ్యాప్తినీ తగ్గిస్తుంది. వీధికుక్కకూ, ఇంట్లో పెరిగే చిన్న జాతి ఆడకుక్కకూ, పెద్ద జాతి కుక్కకూ ఒకే వయసు సూత్రం వర్తించదు.

కీమో భయం ఎంతవరకు నిజం

మనుషుల కీమో చూసినవారు కుక్కకు ఆ బాధ ఎందుకని వెనకాడతారు. కుక్కలకు ఇచ్చే మోతాదుల లక్ష్యం వేరు. మనుషుల్లో నయం చేయడం కోసం శరీరం తట్టుకోగల హద్దుదాకా వెళ్తారు. కుక్కల్లో బతికిన రోజులు బాగా బతకాలన్నది లక్ష్యం కాబట్టి మోతాదు తగ్గించి ఉంచుతారు. ఒకటి రెండు రోజులు తిండి మానడం, వాంతి, విరేచనాలు కొన్నిటికి వస్తాయి. ఆసుపత్రిలో చేర్చాల్సినంత ఇబ్బంది కొద్ది శాతం కుక్కలకే. బొచ్చు చాలా జాతుల్లో ఊడదు. ఎడతెగకుండా వెంట్రుక పెరిగే పూడిల్ లాంటి జాతుల్లో ఊడవచ్చు.

నిజమైన ప్రమాదాలు వేరే ఉన్నాయి. డాక్సోరూబిసిన్ మోతాదులు కూడే కొద్దీ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి మొత్తానికి ఒక హద్దు ఉంటుంది. కోలీ జాతి, దాని రక్తం కలిసిన కుక్కల్లో ఒక జన్యులోపం వల్ల విన్‌క్రిస్టిన్, డాక్సోరూబిసిన్ మామూలు మోతాదే విషమవుతుంది. కీమో అయ్యాక రెండు మూడు రోజులు కుక్క మూత్రంలో, మలంలో మందు బయటికి వస్తుంది. చేతి తొడుగులు లేకుండా శుభ్రం చేయకూడదు, గర్భిణులూ పసిపిల్లలూ దూరంగా ఉండాలి. మన ఇళ్లలో కుక్క తిరిగే వరండాలోనే పిల్లలు ఆడుకుంటారు కాబట్టి ఈ జాగ్రత్తను గట్టిగా చెప్పాలి.

పసుపు, నులిపురుగుల మందు, పచ్చి మాంసం

పసుపులోని కర్క్యుమిన్ గాజు పాత్రలో క్యాన్సర్ కణాలను చంపుతుంది. నోటి ద్వారా ఇస్తే రక్తంలోకి చేరేది అత్యల్పం. నులిపురుగులకు వాడే ఫెన్‌బెండజోల్ మీద ప్రచారమంతా విడి కథల మీద నిలబడింది. కుక్కల్లో క్యాన్సర్ తగ్గినట్టు చూపిన నమ్మదగిన పరీక్ష లేదు, ఎక్కువ రోజులు వాడితే ఎముక మజ్జ దెబ్బతినే అవకాశం ఉంది. పిండిపదార్థం మానేస్తే కణితి ఆకలితో చస్తుందన్న వాదనా అంతే. కీమోలో ఉన్న కుక్కకు పచ్చి మాంసం పెడితే తెల్ల రక్తకణాలు తగ్గిన వేళ అందులోని సూక్ష్మజీవులు ప్రాణాంతకం కావచ్చు. పెరుగన్నంతో ఉడికించిన కోడిమాంసం కలిపి పెట్టడంలో క్యాన్సర్‌ను ఓడించే మహిమ లేదు, హానీ లేదు, కుక్క తింటుంది.

నొప్పి, అందుబాటు, చివరి లెక్క

కుక్కల కోసమే తయారైన కొత్త మందులు మన దగ్గర దొరకడం కష్టం. దొరికేవి మనుషుల జెనరిక్ మందులు. పైన చెప్పిన పాత నాలుగు మందులు ఆ కోవలోవే కావడం ఒక అదృష్టం. కుక్కలకు రేడియేషన్ సౌకర్యం దేశంలో చాలా అరుదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో బోధనాసుపత్రులు ఉన్నాయి. తీసిన గడ్డను చెత్తబుట్టలో వేయకుండా, అది చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం సీసాలో పెట్టి పరీక్షకు పంపడం చిన్న పట్టణంలోనూ సాధ్యమే. ఆ కాగితం లేకపోతే ఈ వ్యాసంలోని ఏ అంకె తమ కుక్కకు వర్తిస్తుందో ఎవరూ చెప్పలేరు.

నొప్పి మందుల్లోనూ రుజువు ఒకే తీరుగా లేదు. మెలాక్సికామ్ లాంటి మందులకు గట్టి ఆధారం ఉంది. ట్రమడాల్‌ను విరివిగా రాస్తారు గానీ, కీళ్ల నొప్పి ఉన్న కుక్కల మీద జరిగిన 2018 నాటి పరీక్షలో అది ఉత్తుత్తి మాత్రను మించలేదు. ఆ మందును నొప్పి తగ్గించే రూపంలోకి మార్చే శక్తి కుక్క కాలేయానికి తక్కువ. ఇంట్లో ఉన్న ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇస్తే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ తప్పవు. స్టెరాయిడ్ వాడుతున్న కుక్కకైతే ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

ఎప్పుడు ఆపాలన్నదానికి అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ రూపొందించిన కొలబద్ద బాగా వాడుకలో ఉంది. నొప్పి, తిండి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువగా ఉండటం అన్న ఏడు అంశాలకు సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు. మొత్తం 35 దాటితే కొనసాగించవచ్చని దాని లెక్క. ఆ 35 అన్న గీత లాటరీ పరీక్షల నుంచి రాలేదు, ఒక వైద్యురాలి అనుభవం నుంచి వచ్చింది. మార్కులు వేసేది మళ్లీ కుక్కను ప్రేమించే మనిషే కాబట్టి, కొందరు పశువైద్యులు ఇంకా సాదా పద్ధతి చెబుతారు. గోడ క్యాలెండర్‌లో ప్రతి రాత్రి ఆ రోజు గడిలో మంచి రోజుకు ఒక టిక్కు, చెడ్డ రోజుకు ఒక అడ్డగీత పెట్టమంటారు, వారం చివర లెక్కపెట్టమంటారు.